బాపును లేపిన బలం

నేను జిమ్‌లో చేరింది సన్నబడటానికి కాదు, మా బాపును మంచం మీంచి లేపడానికి. పక్షవాతం వచ్చి ఆయనకు కుడిపక్క మొత్తం చచ్చుబడిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కాస్త పనిచేసేవి. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. బాత్రూమ్‌కు తీసుకెళ్లాలంటే పక్కింటి మగవాళ్లను పిలవాల్సి వచ్చేది. యూరియా బస్తాను ఒక్కడే భుజానికెత్తుకుని పొలానికి నడిచిన మనిషి, వాళ్లు చంకల్లో చేతులు వేసి లేపుతుంటే కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఒకరోజు అమ్మతో, "గాళ్లను పిల్వకు. నేను గిట్లనే ఉంట" అన్నాడు. లేవాల్సిన అవసరం రాకూడదని నీళ్లు తాగడం కూడా మానేశాడు.

రావిర్యాలలో డ్యూటీ అయ్యాక ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి జిమ్‌కు వెళ్లేదాన్ని. అక్కడికొచ్చే శేరిగూడ కాలేజీ వీరులు బరువులు ఎత్తడం కంటే అద్దంలో జబ్బలు చూసుకునేదే ఎక్కువ. మనిషిని ఎట్లా లేపాలో నేర్పమని కోచ్‌ను అడిగాను. "ముందుగాల రాడ్డు లేపు అక్కా. నడుం వంచకు, తొడల మీద జోర్ పెట్టు. బరువును ఒంటికి దగ్గర పట్టుకో" అన్నాడు. దాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారట. మొదట్లో ఉత్త రాడ్డుకే నాకు చుక్కలు కనిపించాయి.

కొన్ని నెలల తర్వాత ధైర్యం చేశాను. బాపు నడుముకు తువ్వాల చుట్టి రెండు చేతులా పట్టుకుని, ఆయన ఎడమ చేతిని నా మెడ చుట్టూ వేసుకుని లేపాను. లేచి నిలబడ్డాడు! "మస్తు బలమొచ్చింది బిడ్డా నీకు" అన్నాడు, ముద్దముద్దగా. ఆ రోజు చెంబెడు నీళ్లు తాగాడు. ఇక నేను ఊరుకుంటానా? ఆఫీసులో, చుట్టాల్లో, కనబడ్డవాళ్లందరికీ డప్పు కొట్టుకున్నాను.

జిమ్‌లో ఒక అలవాటుంది. ఒకడు బెంచ్ మీద పడుకుని బరువు ఎత్తుతుంటే తల దగ్గర ఇంకొకడు నిలబడతాడు. ఎత్తేవాడికి సత్తువ అయిపోగానే రాడ్డు కింద వేళ్లు పెట్టి పైకి లాగుతూ, "నీదే అన్నా, మొత్తం నీదే!" అని అరుస్తాడు. ఎత్తినవాడు అదంతా తన బలమే అనుకుని ఛాతీ విరుచుకుంటాడు. నాకు నవ్వాగేది కాదు.

ఒక పొద్దున ఎప్పటిలాగే బాపును లేపబోయాను. కదల్లేదు. తువ్వాల సరిచేసుకుని మళ్లీ లాగాను. నా తొడలు వణికాయి కానీ ఆయన మంచం వదల్లేదు. అంతకంతకూ చిక్కిపోతున్న మనిషి ఇంత బరువేంటని చిరాకేసింది.

"బాపూ, జర బిగవట్టకు" అన్నాను.

"బిగవడ్తలేను బిడ్డా. గీ కాల్ల గూడ సత్తువ పోయింది" అంటూ ఎడమ కాలి వైపు చూశాడు. పాదం నేల మీద పక్కకు వాలిపోయి ఉంది. "ఇన్ని దినాలు దీంతోనే లేసిన. నువ్వే లేపుతున్నవని నీకు ఖుషీ ఉండె గదా, చెప్పబుద్ధి గాలే."

నా బలమని ఊరంతా చెప్పుకున్నది ఆయనలో మిగిలిన ఆఖరి బలం. తువ్వాల వదలబుద్ధి కాక ఇంకోసారి లాగాను. మళ్లీ లాగాను. ఏడుపొచ్చి పట్టు జారిపోయింది.

ఆయన ఎడమ చేత్తో నా చేతిని ఆపాడు.

"పక్కింటోళ్లను పిలువు బిడ్డా" అన్నాడు. "నీ నడుం పోతది."