రెండు పోర్టులు, ఒక సబ్బు డబ్బా

ఆ లాప్‌టాప్‌కు ఉన్నవి రెండే యూఎస్‌బీ పోర్టులు. కుడి పక్కన ఒకటి, వెనక ఒకటి. మా పనికి కావలసిన సామాను మాత్రం మూడు: కెమెరా, వేలిముద్రల యంత్రం, తాళం. తాళం అంటే తలుపుకు వేసేది కాదు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ కాపీ కొట్టకుండా కంపెనీ వాళ్లిచ్చిన చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్క. అది పెట్టి ఉంచితేనే ప్రోగ్రాం తెరుచుకునేది, పీకితే మూసుకుపోయేది. అంటే ఒక పోర్టు ఎప్పుడూ దానికే రాసిచ్చేసినట్టు. మిగిలిన ఒక్క పోర్టులో కెమెరానూ, వేలిముద్రల యంత్రాన్నీ ఒకేసారి ఎలా పెట్టాలో ఆ లాప్‌టాప్ కొన్న మహానుభావుడికి తట్టలేదు. ఆయన ఖమ్మంలో ఏసీ గదిలో ఉండేవాడు. ఊళ్లు తిరిగేది నేను.

అప్పుడు నాకు డిగ్రీ కొత్తగా అయిపోయింది. గుర్తింపు కార్డుల కోసం ఊరూరా తిరిగి జనం ఫొటోలు, వేలిముద్రలు తీసుకునే కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. భద్రాచలంలో ఒక గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే జీపులో అడవి ఊళ్లకు పోయేదాన్ని. సెలవులకు ఇంటికి పోయి, మళ్లీ ఖమ్మం నుంచి బయల్దేరేటప్పుడు అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఆమె ప్రార్థన చాలా పొడుగు. బస్సు తప్పిపోతుందని నేను మధ్యలోనే ఆమెన్ అనేసేదాన్ని.

పోర్టుల బాధ తీర్చడానికి ఆఫీసు వాళ్లు ఒక హబ్ ఇచ్చారు. ఒక పోర్టును నాలుగు చేసే చిన్న డబ్బా అది. ఆఫీసులో కరెంటుకు తగిలిస్తే బాగానే నడిచింది. అడవి ఊళ్లలో కరెంటు ఎక్కడిది? విడిగా కరెంటు లేకపోతే ఆ హబ్ ఇద్దరికి తిండి పెట్టలేకపోయేది. వేలిముద్రల యంత్రంలో ఎర్ర లైటు వెలగ్గానే కెమెరా చచ్చిపోయేది. ఒకే కంచంలో తింటుంటే పెద్దవాడు చిన్నవాడి ముద్ద కూడా లాక్కున్నట్టు ఉండేది వ్యవహారం.

దానికి మా టెక్నీషియన్ ఒక ఉపాయం చేశాడు. పాత సబ్బు డబ్బాలో ఏదో సర్క్యూటు బిగించి, ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు బయటికి తీశాడు. వాటిని స్కూటర్ బ్యాటరీకి తగిలిస్తే సబ్బు డబ్బా మీద చిన్న లైటు మిణుకుమిణుకుమనేది, హబ్‌కు కరెంటు వచ్చేది. నాకైతే ఆ టెక్నీషియన్‌కు దండ వేయాలనిపించింది. బ్యాటరీ, వైర్లు, మిణుకుమనే డబ్బా. ఆ మూడూ కలిపి చూస్తే ఇంకెవరికైనా ఏమనిపిస్తుందో మా ఇద్దరికీ తోచలేదు.

జీపు నడిపే ఆయన దుమ్ముగూడెం అవతల ఒక కోయగూడెం మనిషి. నలభై దాటి ఉంటాయి. జీపు ఆయనది కాదు, ఎవరో షావుకారుది. లైసెన్సు కూడా లేదు. ముసలివాళ్లకు తెలుగు రాని చోట ఆయనే కోయభాషలో చెప్పి, వాళ్ల గడ్డం పట్టుకుని మెల్లగా కెమెరా వైపు తిప్పేవాడు. నన్ను మేడం అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మామూలు పిలుపే, కానీ ఆ దారుల్లో మామూలు కాదు. అక్కడ అన్నలు అంటే అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్లని అర్థం. అడవిలో వాళ్లకు మేం పోలీసుల మనుషులమేమోనని అనుమానం, పోలీసులకు మేం అడవిలో వాళ్ల మనుషులమేమోనని అనుమానం. ఒకసారి దారిలో అన్న చెప్పాడు. వాళ్ల గూడెంలో ఒకాయన్ని రెండు మాటలు అడగాలని పోలీసులు తీసుకుపోయారట. తిరిగైతే వచ్చాడు గానీ, మళ్లీ నాగలి పట్టలేదట. అది చెప్పేటప్పుడు కూడా అన్న గొంతు తగ్గించాడు, జీపులో మేమిద్దరమే ఉన్నా.

ఆ రోజు మేం పోతున్నది అన్న సొంత గూడేనికే. తన కార్డుకు ఫొటో కూడా ఆ రోజే. తెల్ల చొక్కా ఒకటి ఇస్త్రీ చేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జీపులో కొక్కేనికి తగిలించాడు. దారి పొడుగునా దుమ్ము పడుతుందేమోనని దాన్నే చూసుకుంటున్నాడు.

"పెండ్లికి పోతున్నవా అన్నా?" అన్నాను.

"నాకు ఫొటో అంటే గిదే మొదలు మేడం. మంచిగుండాలె గద," అన్నాడు.

కల్వర్టు దాటిన మలుపులో దారికి అడ్డంగా చెట్టు కొట్టేసి ఉంది. పక్కన ఇసుక బస్తాలు, ఆకుపచ్చ బట్టల్లో ఏడెనిమిది మంది పోలీసు జవాన్లు. అంతకుముందు ఎప్పుడూ అక్కడ చెకింగ్ లేదు. అన్న జీపు ఆపి, అడక్కుండానే రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కూర్చున్నాడు.

ఒక జవాను వెనక సామాను తీశాడు. లాప్‌టాప్ చూసి పక్కన పెట్టాడు. ఆ కింది సంచిలో బ్యాటరీ, దానికి చుట్టిన వైర్లు, సబ్బు డబ్బా. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గివేంది?" అన్నాడు.

భయపడితే అనుమానం వస్తుందని నేను చదువుకున్న పిల్లలాగా గట్టిగా చెప్పాను. "డివైజులు సార్. మొత్తం మూడు డివైజులు. ఇది వాటికి పవర్ ఇచ్చే బాక్సు."

అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. మా భాషలో కంప్యూటర్‌కు తగిలించే ప్రతి వస్తువూ డివైజే. కెమెరా డివైజు, మౌస్ డివైజు. రోజుకు వందసార్లు అనే మాట అది. వాళ్ల భాషలో డివైజు అంటే దారి కింద పాతిపెట్టి, దూరం నుంచి వైరుతో పేల్చేది. ఆ సంగతి నాకు తెలిసేసరికి తుపాకులు మావైపు తిరిగి ఉన్నాయి.

నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ప్యాంటూ షర్టూ వేసుకున్న ఆఫీసు అమ్మాయిని కదా. మాట జారింది నా నోటి నుంచే. వాళ్లు మాత్రం అన్నను కిందికి లాగారు. చొక్కా విప్పించారు. చేతులు తల వెనక పెట్టించి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. అన్న నేలనే చూస్తున్నాడు.

"అన్నను ఏం చెయ్యకుండ్రి సార్," అన్నాను.

"ఏ అన్నను?" అన్నాడు ఒక జవాను.

నాలుక కరుచుకున్నాను. "డ్రైవర్ సార్. డ్రైవర్‌ను." ఆ మాట నా నోటికే కొత్తగా ఉంది.

వాళ్ల ఎస్సై చెట్టు నీడలోంచి వచ్చాడు. చిన్న వయసే. ఆఫీసు కాగితం చూపించాను, ఇలాంటి కాగితాలు ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. ఫోన్ చేయమన్నాను, సిగ్నల్ లేదు. ఆయన ఇంకొకరితో మెల్లగా అన్నాడు గానీ నాకు వినపడింది. "అమ్మాయిని పంపిద్దాం. వీణ్ని తీస్కపోయి అడుగుదాం."

అడుగుదాం అన్న మాటకు అన్న తల ఎత్తి నన్ను చూశాడు. నాగలి పట్టని మనిషి కథ ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చిందని నాకు ఇప్పటికీ నమ్మకం.

"పెట్టి చూపిస్తా సార్. ఫొటోలు తీసే సామానే. ఇక్కడే చూపిస్తా," అన్నాను.

ఎస్సై లాప్‌టాప్ వైపు చెయ్యి చూపించాడు. "సూపియ్యి. కానీ ఆ బ్యాటరీ, ఆ డబ్బా ముట్టుకోవద్దు," అన్నాడు. అప్పటికే వాటిని దూరంగా గుంటలో పెట్టి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. మా సబ్బు డబ్బాకు అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అది లేకుండా కెమెరా, యంత్రం కలిసి నడవవు. నడవకపోతే అన్నను తీసుకుపోతారు.

జీపు బానెట్ మీద లాప్‌టాప్ తెరిచాను. బ్యాటరీ గుర్తు సగానికి దిగి ఉంది. కంగారులో పిన్నును తలకిందులుగా దూర్చాను, మళ్లీ తిప్పి పెట్టాను. అలవాటు ప్రకారం తాళం ఒక పోర్టులో, హబ్ రెండోదాంట్లో, హబ్‌కు కెమెరా, యంత్రం. ప్రోగ్రాం తెరుచుకుంది. తెర మీద నా ముఖమే కనిపించింది, ముక్కు ఎర్రగా. ఎస్సై వంగి చూశాడు. బతికాం అనుకుంటుండగానే వేలిముద్రల యంత్రం ఎర్రగా వెలిగింది. టుంగ్ మని చప్పుడు. ఒక జవాను బస్తాల వెనక్కి దూకాడు. కెమెరా బొమ్మ నల్లబడిపోయి, కింద మూలన పసుపు గడిలో ఇంగ్లీషు రాత లేచింది.

ఎస్సైకి ఇంగ్లీషు వచ్చు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాడు. "యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్." తర్వాత నన్ను చూశాడు. "మళ్ల డివైసే. అది ఏందో నీ కంప్యూటర్‌కే తెల్వదంటున్నది గదమ్మా."

ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు బంపర్ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ప్రార్థన గుర్తు తెచ్చుకోబోతే మొదటి వాక్యం తర్వాత ఏమీ రాలేదు. ప్రతిసారీ మధ్యలో ఆమెన్ అన్నందుకు ఇలా అయింది అనుకున్నాను. అన్న వీపు మీద చెమట కారుతోంది. ఎర్ర చీమలు ఆయన కాలి మీదికి ఎక్కుతున్నాయి, ఆయన కదలడం లేదు.

చీమలను చూస్తూ ఉంటే ఆ కంచం సంగతి తోచింది. ఎక్కువ తినేది వేలిముద్రల యంత్రం. దాన్ని హబ్‌లో చిన్నవాళ్లతో కలిపి కూర్చోబెట్టడం ఎందుకు? దానికి సొంత కంచం పెడితే సరి. తాళం ఎంత తింటుంది, చిటికెన వేలంత ముక్క. ఎప్పుడూ లాప్‌టాప్‌కే పెట్టాలని ఆఫీసులో చెప్పారు కాబట్టి పెడుతున్నాను, అంతే. అది హబ్‌లో పని చేస్తుందో లేదో నాకు తెలియదు. తాళం పీకితే ప్రోగ్రాం మూసుకుపోతుంది, మళ్లీ తెరుచుకోకపోతే ఇక చూపించడానికి ఏమీ ఉండదు.

పీకాను. ప్రోగ్రాం మూసుకుపోయింది.

"ఏంది, బంద్ చేసినవు?" అన్నాడు ఎస్సై.

"మళ్లీ వస్తది సార్. జర ఆగుండ్రి."

యంత్రాన్ని తిన్నగా లాప్‌టాప్‌కు పెట్టాను. తాళం, కెమెరా హబ్‌లో పెట్టాను. ప్రోగ్రాం నొక్కితే తెర మీద ఇసుక గడియారం తిరుగుతూ ఉండిపోయింది. అలా తిరిగింది, తిరిగింది. అంత భయం నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాత కాన్పు గదిలో కూడా లేదు. చివరికి తెరుచుకుంది. కెమెరాలో బొమ్మ వచ్చింది. యంత్రం ఎర్రగా వెలిగింది. బొమ్మ పోలేదు.

"వీని ఫొటో తియ్యి, సూస్త," అన్నాడు ఎస్సై.

అన్నను లేపి కెమెరా ముందు నిలబెట్టారు. చొక్కా వేసుకోనివ్వలేదు. పక్కనే తుపాకీ. కెమెరా వైపు చూడమన్నాను. ఆయన కళ్లు దాని మీంచి పక్కకు, ఆ తుపాకీ మీదికే పోతున్నాయి. ఎక్కువసేపు ఆగితే ఏమవుతుందోనని నొక్కేశాను. తర్వాత బొటనవేలు. వెదురు కొట్టీ, దుక్కి దున్నీ అరిగిపోయిన వేలు, ముద్ర యంత్రానికి ఎక్కలేదు. ఎస్సై చేతులు కట్టుకున్నాడు. ఊళ్లలో ముసలివాళ్లకు నేను చేసే చిట్కా ఒకటుంది. అన్న బొటనవేలు పట్టుకుని నా జడకు రుద్దాను. ఆ కొబ్బరినూనె తడితో మళ్లీ యంత్రం అద్దం మీద పెట్టి, పైన నా వేలితో నొక్కి పట్టాను. తెర మీద పచ్చ గీత వచ్చింది, ముద్ర ఎక్కినట్టే. సేవ్ నొక్కాను.

ఎస్సై తెర చూసి, "అవ్, ఫొటోల మిషనే," అన్నాడు. చొక్కా ఇచ్చేయమన్నాడు. సబ్బు డబ్బాను స్వయంగా పట్టుకొచ్చి ఇస్తూ, "ఇంకోసారి గా మాట అనకు. సామాను అను," అన్నాడు. నేటికీ సామాను అనే అంటాను, మా ఇంట్లో పెన్‌డ్రైవ్‌ను కూడా.

కొంత దూరం పోయాక జీపు ఆపించి, దిగి వాంతి చేసుకున్నాను. అన్న నీళ్లు పోశాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడని అప్పుడు చూశాను.

గూడెంలో అందరివీ అయ్యాక, ఆఖరున ఆయన మొహం కడుక్కుని, తల దువ్వుకుని, కవర్లోంచి తెల్ల చొక్కా తీసి వేసుకుని వచ్చి కూర్చున్నాడు. భార్య చొక్కా గల్లా సరిచేసింది. వేలు పెట్టగానే ప్రోగ్రాం ఒప్పుకోలేదు. ఈ వేలిముద్ర ఇదివరకే ఉంది అంది. ఒకసారి సేవ్ చేసింది తీసే వీలు నా దగ్గర లేదు, ఖమ్మంలో కూడా లేదట. ఆయన లేచి వెళ్లిపోయాడు.

కార్డులు వానలు మొదలయ్యాక వచ్చాయి. పంచడానికి మళ్లీ నేనే పోయాను. అన్న కార్డు ముందే తీసి చూశాను. ఒంటి మీద చొక్కా లేదు, భుజాలు బిగుసుకుని ఉన్నాయి, కళ్లు పక్కకు తిరిగి ఉన్నాయి. ఏం చూస్తున్నాడో కార్డులో కనపడదు. నాకు తెలుసు. ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"పెద్దాఫీసుకు రాస్తనన్నా. తెల్లంగి ఏసుకొని ఇంకో ఫొటో దిగుదువు," అన్నాను.

ఆయన నా చేతిలోంచి కార్డు తీసుకుని చూశాడు.

"వద్దు మేడం," అన్నాడు. "దారిల ఆపినప్పుడు నా మొఖం గిట్లనే ఉంటది. తెల్లంగి ఏసుకొని నవ్వుకుంట ఉన్న ఫొటో సూపిస్తే, గిది నువ్వు కాదంటరు."

కార్డును ఆ చొక్కా తాలూకు ప్లాస్టిక్ కవర్లోనే చుట్టి జేబులో పెట్టుకుని, జీపు తీశాడు.