బొజ్జ మా ఇంటి సొత్తుగా ఉన్నప్పుడు

మా తాతగారికి బొజ్జ ఉండేది. ఊళ్ళో ఇంకెవరికీ ఉండేది కాదు. బెంగుళూరు పక్కన దేవనహళ్ళికి ఆవల, ఇప్పుడు విమానాలు తల మీదుగా దిగే చోట, మాకు ఒకప్పుడు పొలాలూ ద్రాక్షతోటలూ ఉండేవి. ఆ ఆస్తికంతా బొజ్జే గుర్తు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ పెద్దమనిషి ఎవరని అడగాల్సిన పని ఉండేది కాదు.

ఆ బొజ్జ ఊరికే నిలబడలేదు. తలంటడానికి ఒకడు, గొడుగు పట్టడానికి ఒకడు, తమలపాకులు తేవడానికి ఒకడు ఉండేవారు. పడకటింటి నుంచి అరుగు దాకా నడిస్తే ఆయనకు ఆ రోజుకు వ్యాయామం అయిపోయినట్టే. ఆయన ఒక్కడి పొట్ట నిండుగా ఉండడానికి ఊరంతా ఎండలో తిరిగి కట్టెలా ఎండిపోయేది.

తరవాత విమానాశ్రయం వచ్చింది. అది వస్తుందని తెలియకముందే మావాళ్ళు పొలాలన్నీ అమ్మేశారు. ఆ తెలివితేటల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఇప్పుడు మేం నగరానికి సరిగ్గా అవతలి కొసన, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర, రెండు పడకగదుల ఫ్లాటులో ఉంటున్నాం. భూమి పోయింది, ఇల్లు పోయింది. బొజ్జ మాత్రం చెక్కుచెదరకుండా నాకు సంక్రమించింది.

చిక్కేమిటంటే, ఇప్పుడది అందరికీ ఉంది.

నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పరిపాలన విభాగం చూస్తాను. ఉద్యోగులు ఏ అవసరానికీ కుర్చీలోంచి లేవకుండా చూడడం నా పని. క్యాబు వాళ్ళ గుమ్మం దగ్గరికి వెళ్తుంది. కాఫీ ప్రతి అంతస్తులోనూ దొరుకుతుంది. సాయంత్రం సమోసాలు బల్లల దగ్గరికే వస్తాయి. కడప నుంచో కరీంనగర్ నుంచో కొత్తగా వచ్చి చేరిన కుర్రాడి మెడలో ఐడీ కార్డు మొదట మేస్త్రీ వదిలిన తూకపు గుండులా నిటారుగా వేలాడుతుంది. ఏడాది తిరిగేసరికి పొట్టకు ఆనుకుంటుంది. ఇంకొన్నాళ్ళకు, అందులోని ఫొటో ఆకాశం వైపు చూస్తూ వెల్లకిలా పడుకుంటుంది.

దీనికి కారణం నూనె అంటారు, మైదా అంటారు, నిద్ర లేకపోవడమంటారు. అవన్నీ నిజమే కావచ్చు. నాకు కనబడే కారణం వేరు. బెంగుళూరులో ఇవాళ ప్రతివాడూ మా తాతగారిలా బతుకుతున్నాడు. ఫోను మీద వేలు పెడితే కొత్తిమీర కట్ట కూడా గుమ్మంలోకి వస్తుంది. మా తాతగారికి తమలపాకులు తెచ్చేవాడు నడిచి తెచ్చేవాడు, కాబట్టి వాడైనా సన్నగా ఉండేవాడు. ఇప్పుడు తెచ్చేవాడూ బండి మీదే వస్తాడు, వాడికీ పొట్టే. జమీందారీలు రద్దయ్యాయంటారు గాని, రద్దు కాలేదు. మనిషికొకటి చొప్పున పంచిపెట్టారు.

మా ఇంటికి కొన్ని కట్టుబాట్లున్నాయి. మగవాళ్ళు రోడ్డు మీద నడవరు. సంచి పట్టుకోరు. ఎవరింట్లోనైనా పెట్టింది వద్దనరు, వద్దంటే అంతకన్నా మంచిది కోరుకుంటున్నారని అర్థం వస్తుందట. మేం మోసేది ఏడాదికి ఒక్కసారే, అదీ దేవుణ్ణి. శ్రీరామనవమికి మా ఊళ్ళో స్వామి పల్లకీ ఊరేగుతుంది. నలుగురు మోస్తారు. ముందు కుడి భుజం మా ఇంటిది. అన్నీ పోయాక మాకు మిగిలిన హక్కు అదొక్కటే.

పోయినేడు గుడి మలుపు తిరిగేసరికి నాకు ఆయాసం ముంచుకొచ్చి పల్లకీ ఒక పక్కకు ఒరిగింది. లోపల రాములవారు సీతమ్మవారి మీదికి వాలిపోయారు. ఆవిడకు అభ్యంతరం ఉండకపోవచ్చు గాని, పూజారికి ఉంది. ఆయన అందరి ఎదుటా హారతిపళ్ళెం దించేసి నా వైపు చూశాడు.

ముందు ఎడమ భుజం మా చిన్నతాత మనవడిది. నాకు తమ్ముడి వరస. హెబ్బగోడిలో జిమ్ము నడుపుతాడు. వాళ్ళ శాఖకూ మా శాఖకూ కుడి భుజం గురించి తాతల నాటి నుంచి వివాదముంది.

"అన్నా, నువ్వు సుమ్నే, ఊరికే కూర్చో," అన్నాడు వాడు పల్లకీ దించాక. "వచ్చే ఏడు కుడిపక్క నేను పట్టుకుంటా లే."

గుడి కమిటీ పెద్ద గడ్డం గోక్కున్నాడు. "ఇంకొక్కసారి చూస్తాం. ఈసారి స్వామి వంగినాడంటే కుడిపక్క తమ్మునిదే అప్పా. అంతలోపల కొంచెం ఒళ్ళు తగ్గించుకోని రావల్ల."

ఇంటికొచ్చాక మా ఆవిడ సూటిగా చెప్పింది. "నడవండి. నడవడానికి ఎవరినీ అడగక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే పంచె వదిలి ప్యాంటు తొడుక్కుని కిందికి దిగాను. హిందూపురం నుంచి వచ్చిన వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీలోంచి లేచాడు.

"ఏం సార్, కారు రిపేరా? ఆటో పిలిచేదా?"

"వద్దు. నడుస్తున్నాను."

"నడిచి యాడికి పోతారు సార్?"

ఎక్కడికీ కాదని చెబితే నమ్మేట్టు లేడు. గేటు దాటి నాలుగడుగులు వేశానో లేదో, పై అంతస్తు ఇంజనీరు కారు నా పక్కన ఆగింది. నేనలా నడవడం చూసి పాపం ఆయన మనసు కరిగింది. ఎక్కమని తలుపు తెరిచాడు. ఇచ్చింది కాదనడం మాకు అలవాటు లేదు. ఎక్కాను. ఆయన టిఫినుకు వెళ్తున్నాడు. నెయ్యి కారే మసాలా దోసె, ఆ పైన కేసరిబాత్, కాఫీ ఇప్పించి తిరిగి గేటు దగ్గర దింపాడు. నా మొదటి రోజు నడక అలా జరిగింది.

వారం తిరక్కుండానే మా మేనత్త ఊరి నుంచి ఫోను చేసింది.

"ఏమప్పా, కారు అమ్మేసినావంట?"

"లేదత్తా. ఊరికే నడుస్తా ఉండాను."

"అదే కదప్పా నేను అడిగేది. కారుండి ఎవురైనా నడుస్తారా?"

"ఒళ్ళు తగ్గేకి అత్తా."

"ఒళ్ళు తగ్గితే జనం ఏమనుకుంటారు? ఇంట్లో తిండి గడవడం లేదనుకోరా? మీ నాయన అప్పులల్లో మునిగి ఉండినా పొట్ట తగ్గనియ్యలేదప్పా. అదీ పరువంటే."

మా బంధువర్గంలో మేనత్తకు తెలిసింది అందరికీ తెలిసినట్టే. ఆ ఆదివారం నుంచి పరామర్శలు మొదలయ్యాయి. మా మేనమామ మైసూర్‌పాక్‌తో వచ్చి, కష్టాలు ఎవరికైనా వస్తాయని నా భుజం తట్టి, నేను రెండు ముక్కలు తినేదాకా కదల్లేదు. ఇంకొకరు కజ్జికాయల డబ్బా తెచ్చారు. మేనత్త స్వయంగా చేసి పంపిన ఓళిగలు, అంటే బొబ్బట్లు, అరిటాకులో చుట్టి వచ్చాయి, "పిల్లోడు చిక్కిపోయినాడంట" అన్న కబురుతో సహా. నడక మొదలుపెట్టాక నా బరువు పెరిగింది.

దాంతో ఒక ఉపాయం ఆలోచించాను. నేను ముందు నడుస్తాను. వెనకే మా ఆవిడ మెల్లగా కారు నడుపుకుంటూ వస్తుంది. అది కళ్ళారా చూసినవాడెవడూ కారు లేక నడుస్తున్నాడని అనలేడు.

ఉపాయం బాగానే ఉంది గాని, బెంగుళూరు రోడ్డు మీద కారు నా నడక వేగంతో వస్తే ఏమవుతుందో నేను లెక్కలోకి తీసుకోలేదు. మా ఆవిడ వెనక ఒక కంపెనీ బస్సు, దాని వెనక నీళ్ళ ట్యాంకరు, దాని వెనక ఇంకేమేం ఉన్నాయో వంపు తిరిగిపోయి నాకు కనబడలేదు. హారన్లు మాత్రం వినబడ్డాయి. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని నడిచాను. ఒక ఆటోవాడు నా పక్కకు వచ్చి వేగం తగ్గించాడు.

"ఎక్కు సార్, కారెక్కు. ఇంట్లో గలాటాలు యాడైనా ఉండేవే. ఆయమ్మ అంతగా వెంటపడి బతిమాలుతా ఉండాది గదా."

"మేం కొట్లాడుకోలేదు," అన్నాను.

"అందరూ అట్లే అంటారు సార్. నేను కూడా పోయిన నెల ఇట్లే నడిచి మా అత్తగారింటి దాకా పోయినా. పోయినాక నేనే సారీ చెప్పినా."

ముందున్న కూడలిలో ట్రాఫిక్ పోలీసు కారాపి, మా ఆవిడతో కన్నడంలో చాలా దయగా మాట్లాడాడు. సర్ది చెప్పుకోమన్నాడు. ఆవిడ నా వైపు చూసిన చూపులో నిజంగానే కొట్లాట మొదలయ్యే సూచన కనబడింది.

"రేపటి నుంచి కారు తీయను," అంది ఇంటికి వచ్చాక. "కావలిస్తే నేను కూడా నడుస్తాను. మీ పరువు మీరే మోసుకోండి."

అప్పటి నుంచి ఇద్దరం నడిచాం. కారు తాళాలు మాత్రం నా వేలికి తగిలించుకుని, ఎదురొచ్చేవాళ్ళకు కనబడేట్టు ఊపుకుంటూ నడిచేవాణ్ణి. వచ్చిన స్వీట్లు ఆఫీసుకు తీసుకెళ్ళి ఐడీ కార్డుల మధ్య పెట్టేవాణ్ణి, అవి క్షణంలో మాయమయ్యేవి. చలికాలం పోయేసరికి చొక్కా గుండీలు నాతో పోట్లాడడం మానేశాయి.

నవమి నాడు ఊళ్ళో దిగాం. గుడి ముందు పల్లకీ తయారుగా ఉంది. పూలు కట్టారు, గొడుగు పెట్టారు. కింద నాలుగు టైర్లు ఉన్నాయి.

నేను చుట్టూ తిరిగి చూశాను. ఇనుప చట్రం కొత్తగా వెల్డింగు చేయించి, దాని మీద పల్లకీని బోల్టులతో బిగించారు.

"బాగుండాదా అప్పా?" అన్నాడు కమిటీ పెద్ద. "ఈ కాలంలో మోసేవాళ్ళు యాడుండారు? ఒకనికి మోకాళ్ళు, ఒకనికి బీపీ, అందరికీ పొట్ట. ఇప్పుడు వేలితో తోస్తే పోతాది. ఇంక భుజాల కొట్లాటే లేదు."

దేవుడికి కూడా చక్రాలొచ్చాయి. ఇన్ని నెలల నా నడక, ఆటోవాడి హితబోధ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"మా హక్కు మోయడం," అన్నాను. "తోయడం కాదు."

"మోసేకి నలుగురు కావల్ల గదా."

తమ్ముడు నవ్వుతాడనుకున్నాను. వాడు నవ్వలేదు. నడుముకు కండువా బిగించి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చక్రాలొస్తే పోయేది నా భుజం ఒక్కటే కాదు, వాళ్ళ ఎడమ భుజమూ పోతుంది. ఆ సంగతి నాకు తోచలేదు. వాడికి తోచింది.

"బోల్టులు ఇప్పండి," అన్నాడు వాడు. "ఇద్దరం ఉండాం."

వెనక భుజాల్లో ఒకదానికి పూజారి అల్లుడు ఒప్పుకున్నాడు. నాలుగోవాడి కోసం అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటుంటే, మా మేనత్త కమిటీ పెద్ద ముందుకొచ్చి నిలబడింది.

"ఏమప్పా, నీ మోకాళ్ళు ఊటకు, బంతి భోజనానికి కూర్చునేకి బాగుంటాయి. దేవుని కాడికొస్తేనే నొప్పా?"

ఆయన చెప్పులు విడిచాడు.

పల్లకీ లేచింది. రెండు కర్రల మధ్య నేనూ తమ్ముడూ పక్కపక్కన పట్టడమే కష్టమైంది. నాకు ఇంకా మిగిలి ఉన్న బొజ్జ, వాడికి జిమ్ములో పెంచిన ఛాతీ. ఇద్దరం కాస్త ఏటవాలుగా నిలబడి నడిచాం. గుడి మలుపు వచ్చింది. ఊపిరి ఆడుతూనే ఉంది. స్వామి వంగలేదు. పూజారి వెనక్కి తిరిగి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. నేను ఇంకొంచెం నిటారుగా నడిచాను.

నీళ్ళ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి కాదు, భుజం మోసం చేసింది. కాళ్ళను సిద్ధం చేసుకున్నాను గాని, ఏడాది పొడుగునా ఆ భుజం మీద చొక్కా తప్ప ఇంకేదీ పెట్టలేదు. కుడి పక్క మోసేవాడికి బరువంతా కుడి భుజం మీదే. భుజం మార్చాలంటే స్థానం మార్చుకోవాలి. స్థానం మార్చుకుంటే తమ్ముడు కుడి పక్కకు వస్తాడు. కర్ర ఎముకలోకి దిగుతోంది. నా కంటి ముందు రోడ్డు మెల్లగా ఊగుతోంది. ఇంకో పది గజాలు వెళ్తే స్వామి మళ్ళీ ఒరుగుతాడని నాకు తెలుస్తూనే ఉంది.

"అన్నా," అన్నాడు తమ్ముడు, నాకు మాత్రమే వినబడేట్టు. "నా భుజం పోయింది. మార్చుకుందామా?"

నిజంగా వాడి భుజమే పోయిందో, నా మొహం చూసి అన్నాడో నాకు తెలియదు. అడిగే ఊపిరి నా దగ్గర లేదు.

"మార్చుకుందాం," అన్నాను.

హారతికి పల్లకీ ఆగినప్పుడు ఇద్దరం స్థానాలు మారాం. కుడి భుజం వాడిదయింది. నేను తల పైకెత్తి, ఊరంతా నన్ను చూస్తుందని ఎదురుచూశాను. ఊరు స్వామి మొహాన్ని ఫోనుల్లో ఫొటో తీసుకుంటూ ఉంది. గుడి దాకా వెళ్ళి పల్లకీ దించాం. స్వామి నిలువుగానే ఉన్నాడు. కమిటీ పెద్ద మోకాళ్ళు రుద్దుకుంటూ, ఎవరి హక్కు వాళ్ళదే, మళ్ళీ ఏడాదీ మోతే అని ప్రకటించాడు. ట్యాంకు దగ్గర మారింది గుర్తొచ్చి, నేను మాత్రం అక్కడ నిలబడి ఆ మాట వినలేకపోయాను.

భోజనాల దగ్గర మేనత్త నా ఆకులో వడపప్పు కోసంబరి వేస్తూ కిందికి వంగింది.

"ట్యాంకు కాడ మార్చుకున్నారు గదా. చూసినాను లే."

నేను ఆకు మీది కోసంబరి ఒక పక్కకు జరిపాను.

"మీ నాయనా ఆడనే మార్చుకుంటా ఉండె, ఈ నీ తమ్ముని నాయనతో. మీ తాతయితే ఎత్తిందే లేదు. కర్ర మీద చెయ్యి పెట్టి నడుస్తాడు, మోసేవాడు ఇంకొకడు."

"ఎవరూ చెప్పలేదే అత్తా?"

"దేవుడు వంగినాడా లేదా అనేదే ఊరు చూసేది. భుజం ఎవురిదని ఎవురు చూస్తారప్పా?"

"నేను చూస్తాను," అన్నాను. "వచ్చే ఏడు ట్యాంకు దాటినాకే మార్చుకుంటాం."

పక్క ఆకు దగ్గర తమ్ముడు ఎడమ చేత్తో తన కుడి భుజం పిసుక్కుంటున్నాడు. "నడిస్తే భుజాలు రావన్నా. బరువులెత్తల్ల. హెబ్బగోడికి రా, నేను నేర్పిస్తా. నీకు ఫీజు లేదు."

ఫీజు తీసుకుంటేనే వస్తానన్నాను.