నెత్తురు చుక్కకు భయపడ్డ రాజలింగం సారు

మా తాలూకా దవాఖానలో ఇరవై ఏళ్ళకు పైగా రక్తపరీక్షలు చేసిన రాజలింగం సారు గురువారం పొద్దున తమ ఇంటి వాకిట్లో ముఖం కడుక్కుంటూ కుప్పకూలి, ఒక్క మాటైనా లేకుండా కన్నుమూశారు. నేనప్పుడు సూదులు ఉడకబెడుతున్నాను. చప్రాసీ వచ్చి గుమ్మంలో నిలబడి, "నర్సమ్మా, నెత్తురు సారు పానం ఇడిసిండు" అన్నాడు. "నోరు ముయ్యి, ఏం మాటలవి!" అని కసిరాను. బుధవారం సాయంత్రం తన గదికి తాళం వేసి, అలవాటు చొప్పున రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిన మనిషి. ఆయన లేరన్న మాట చెవిన పడింది గాని మనసుకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. ఆయన గదిలో, ఆయన బల్లమీద, మా చెల్లెలు అనసూయ నెత్తురు రెండు గాజుపలకల మీద ఎండి ఉంది. అనసూయకిప్పుడు ఏడో నెల. తిరుమలగిరిలో అత్తవారింట్లో ఉంటుంది. రెండు నెలలుగా ఇనుము గోలీలు మింగుతున్నా మనిషి తేరుకోలేదు సరికదా, పది అడుగులు వేస్తే ఆయాసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, ఊరకే కూర్చున్నా గుండె దడ. బుధవారం నేనే ఆమెను బస్సులో తీసుకొచ్చి సారు ముందు కూర్చోబెట్టాను. నెత్తురు తీసి, "రేపు రంగు పోసి చూసి చెప్త బిడ్డా. చూడకుంట నోరు తెరువ" అన్నారు. ఆ రేపు ఆయనకు రాలేదు. జబ్బు ఇనుము కొరత కానప్పుడు మందు మారాలి. ఎముకల్లోని మూలుగే నెత్తురు పుట్టించడం మానుకుని ఉంటే ఉన్నపళంగా హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. ఆ ప్రయాణపు కుదుపులను ఆమె తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏది నిజమో చెప్పగల ఒక్క మనిషినీ ఆ మధ్యాహ్నమే మేం సాగనంపి వచ్చాం.

కీర్తిశేషులను ధీరులని, నిర్భయులని స్తుతించడం పరిపాటి. సారు విషయంలో నాకు ఆ అదృష్టం లేదు. ఆయన పరమ భయస్తుడు. బక్కపలుచని మనిషి, ఎప్పుడూ చెమర్చే అరచేతులు. కిటికీ పక్కన ఇత్తడి సూక్ష్మదర్శిని మీద కన్ను పెట్టి ఆయన "అమ్మో" అని గొణిగితే వరండాలోకి వినిపించేది. కొత్తగా వచ్చిన డాక్టర్లు నవ్వుకునేవారు. నేనూ నవ్వినదాన్నే, దాచడమెందుకు!

ఒకనాడు రామన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు నెత్తురు ఇచ్చి, సంగతి తెలుసుకోకుండానే బస్సెక్కేశాడు. "బండెడు పని చేసేటోణ్ణి సారూ, ఇప్పుడు బాయి కాడికి నడిస్తెనే దమ్మొస్తాంది" అని ఆయాసపడుతూ చెప్పిన మనిషి. పలక చూసిన సారు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి బస్సుకు అడ్డంగా నిలబడ్డారు. "ఏం సారూ, చక్రం కింద పడి సస్తవా?" అని కండక్టరు అరిచాడు. "గాయన దిగేదాంక ఈడనే ఉంట. నీ చక్రం కంటె గాయన నెత్తురుకే నాకు భయమైతాంది" అన్నారు సారు. దించి తీసుకొచ్చారు. ఆ రైతు రక్తకణాలు చిన్నవి, నడుమ రంగు లేక వెలవెలబోయినవి. గోళ్ళు చెంచాల్లాగా గుంటపడ్డాయి. వట్టికాళ్ళతో తడినేల తొక్కేవారి పాదాల్లోంచి లోపలికి దూరి, పేగుల్లో చేరి నెత్తురు తాగే కొంకిపురుగులు ఆయన కడుపునిండా ఉన్నాయి. పురుగుల మందు, ఇనుము పడ్డాక కొన్నాళ్ళకు ఒక గంపెడు వంకాయలు నెత్తిన పెట్టుకుని తానే నడిచివచ్చి, "దమ్ము పోయింది సారూ, ఇగ చూడుండ్రి" అని వరండాలో గట్టిగా అడుగులు వేసి చూపించాడు. సారు ఆ వంకాయలు మా అందరికీ పంచారు.

ఈ భయం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎట్లా వచ్చిందో నాకు ఒక్కసారే చెప్పారు. ఆయనది నూలుకు రంగులు వేసే పద్మశాలి కుటుంబం. ఎరుపులో ఎన్ని ఛాయలుంటాయో చిన్ననాటినుంచీ ఎరిగిన కళ్ళు. తొలిరోజుల్లో మా దవాఖానలో నెత్తురు బలం చూసే పద్ధతి సులువైనది. వేలికి సూది గుచ్చి, ఒక చుక్కను బ్లాటింగ్ కాగితం మీద అద్ది, లేత ఎరుపు నుంచి ముదురు ఎరుపు దాకా వరుసగా ఛాయలు ముద్రించిన అట్టతో పోల్చి చూడడం. సారు ఒక్క చూపులో చెప్పేసేవారట. రెండోసారి చూడడం అవమానమనుకునే వయసు!

ఆ రోజుల్లో పక్క ఊరి నుంచి రంగులు వేసే ఇంటి కోడలు ఒకామె నిండునెలలతో వచ్చింది. రంగు బాన దగ్గర నుంచి లేచి నేరుగా వచ్చింది. ముఖం నిండా పసుపు, చేతులు మణికట్టు దాకా ఎరుపు. వేలు స్పిరిటుతో తుడిచి, గుచ్చి, చుక్కను అద్దితే ముదురుగానే కనిపించింది. "నెత్తురు మంచిగున్నది, ఫికర్ చెయ్యకు" అని పంపించారు. పది రోజులకు కాన్పులో ఆమె పోయింది. ఎవరైనా ఓర్చుకోగలిగినంత కొద్దిపాటి రక్తస్రావమే ఆమెకు చాలింది. దవాఖానకు తెచ్చిన దేహం కనురెప్ప విప్పి చూస్తే లోపల ఎరుపన్నదే లేదట. సారు ఇంటికి వెళ్ళి, తన వేలికి ఎర్రరంగు పట్టించి, ఆరాక స్పిరిటుతో తుడిచి, గుచ్చి, అద్ది చూసుకున్నారు. స్పిరిటుకు కరిగిన రంగు చుక్కలో కలిసి, రంగు లేని వేలికంటె ఛాయ రెండు మెట్లు ముదిరి కనిపించింది. మరెవరైనా అయితే ఆ చర్మంమీది రంగును అనుమానించేవారేమో. పుట్టినప్పటినుంచీ ఎర్రటి చేతుల మధ్య పెరిగిన సారు కంటికి ఆ రోజు అది చేతి సహజమైన రంగుగానే తోచింది.

మర్నాడు ఆమె భర్త దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పుకున్నారు.  అతను, "ఎందుకు చెప్పినవు సారూ? నువ్వు చెప్పకుంటె నాకు ఎర్కయ్యేదా? ఆ రంగు కలిపింది నేను. రేపటి సంది నేను బానల చెయ్యి ఎట్ల పెట్టాలె?" అన్నాడట. ఇది చెబుతూ సారు ఏడ్చారు. "నిజం చెప్పి పానం తేలిక చేసుకుందామనుకున్న బిడ్డా. నా బరువు తీస్కపోయి ఆయన నెత్తిన పెట్టిన" అన్నారు. 

అటుతర్వాత ఆయన వేలి జోలికి పోలేదు. చెవితమ్మె కడిగి, అక్కడి నుంచే చుక్క తీసేవారు. వచ్చిన ఆడవాళ్ళ చేత ముఖం కడిగించేవారు. "సారూ, పెండ్లిచూపులకొస్తిమా ఏంది?" అని ఒకామె పరాచికమాడితే, ఆయన నవ్వకుండా ఆమె కనురెప్ప కిందికి లాగి చూశారు. కనురెప్ప లోపల, నాలుక, గోళ్ళు, అరచేతి గీతలు, ఇవన్నీ చూశాకే సూది పట్టేవారు. మన్ను, బలపాలు, పచ్చిబియ్యం తినబుద్ధవుతోందా అని అడిగేవారు. నెత్తురులో ఇనుము తరిగినవారికి అట్లాంటి కోరికలు పుడతాయని మాకు ఆయన వల్లే తెలిసింది.

"పాలిపోయిన మనిషిని చూడంగనే ఇనుము రాసుడు కాదు బిడ్డా. నెత్తురు ఎందుకు తక్కువైందో అడుగు. కారిపోయిందా? పుడ్తలేదా? పుట్టింది పుట్టినట్టు పగిలిపోతాందా?" అనేవారు. ఈ మూడు ప్రశ్నలే ఆయన శాస్త్రమంతా. దేవరకొండ దిక్కు తండా నుంచి ఒక లంబాడీ తల్లి తన బిడ్డను తెచ్చింది. పిల్లకు కీళ్ళలో, ఎముకల్లో భరించలేని నొప్పులు, కళ్ళలో పచ్చదనం. ఎక్కడెక్కడో నెలల తరబడి ఇనుము తాగించారు. సారు పలక చూసి, చెమటలు కక్కుతూ నన్ను పిలిచారు. గుండ్రంగా ఉండవలసిన కణాలు కొన్ని కొడవలి ఆకారంలో వంగి ఉన్నాయి. అవి సన్నని నాళాల్లో ఇరుక్కుని నొప్పి పుట్టిస్తాయి, త్వరగా పగిలిపోతాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు అది, ఇనుముతో తీరేది కాదు. ఆ తల్లికి అదంతా ఎట్లా చెప్పాలో తెలియక ఆయన వరండాలో చాలాసేపు తచ్చాడారు. పిల్లకు నీళ్ళు బాగా తాగించమని, చలికి, జ్వరానికి గురిచేయవద్దని మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పి పంపారు.

నాకు సూక్ష్మదర్శిని చూడడం నేర్పింది ఆయనే. నర్సుకెందుకీ పని అని ఎవరో ఆక్షేపిస్తే, "నేను సచ్చినంక ఎవరు చూస్తరు?" అని మండిపడ్డారు. నేను ధైర్యంగా చెప్పినరోజు కోప్పడేవారు. "భయం లేకుంటె అద్దంల మనకు కావాల్నన్నదే కనవడ్తది" అనేవారు. అప్పుడది చాదస్తమనిపించేది.

శుక్రవారం పొద్దున తాళంచెవి కోసం ఆయన ఇంటికి వెళ్ళాను. మైలలో ఉన్న ఇల్లాలిని ఏమని అడగను? గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన భార్య లక్ష్మమ్మ గారు తానే లేచి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నీ చెల్లెకు ఎట్లున్నది? మొన్న రాత్రి బువ్వ కాడ గామె ముచ్చటనే చెప్పిండు. పో బిడ్డా, ఈడ ఏడ్సుడుకు మేమున్నం" అన్నారు. ఆ తల్లికి నేను నమస్కారమైనా పెట్టకుండా పరుగెత్తాను.

పలకకు రంగు పోసి, కడిగి, ఆరబెట్టి, కన్ను పెట్టాను. కణాలు పెద్దవిగా, కోలగా కనిపించాయి. ప్రాణం లేచివచ్చింది. పెద్ద కణాలైతే పుట్టవలసినట్టు పుట్టడం లేదని అర్థం. ఆకుకూరల్లో ఉండే సత్తువ లోపించి, గర్భిణులకు ఎక్కువగా వచ్చే జబ్బు. దానికి మందుంది, ఇక్కడే ఇవ్వవచ్చు. వెంటనే పలక మీంచి కన్ను తీశాను. నాకు కావలసింది అదే కదా! కావలసిందే కనబడుతోందా? కొత్త డాక్టరు గారిని పిలిచి, నా అనుమానం చెప్పకుండా, తెల్లకణాల్లోని నడిమి గుజ్జు, అంటే కేంద్రకం, ఎన్ని తునకలుగా ఉందో లెక్కపెట్టమన్నాను. మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. ఈ జబ్బులో ఐదూ ఆరూ అవుతాయని సారు నేర్పారు. డాక్టరు గారు లెక్కపెట్టి, ఒకదానిలో ఐదు, మరొకదానిలో ఆరు అన్నారు. "అయినా అమ్మా, రక్తం చదవడంలో నాకు రాజలింగం గారంత అనుభవం లేదు. చీటీలో మీరేది రాస్తే దానికి మందు రాస్తాను" అన్నారు. మంచి మనిషి, ఉన్నమాట చెప్పారు.

అనసూయ మా ఇంట్లోనే ఉంది. తోడుగా ఆమె అత్త కూడా వచ్చి ఉంది. "నాలుక చూపెట్టవే" అన్నాను. నున్నగా, ఎర్రగా, పుండుపడినట్టుంది. "రెండు నెల్లాయె అక్కా, వేడి గంజి తగిల్తె మండుతాంది" అంది. ఏం తింటున్నావని అడిగితే అత్త అందుకుంది. "కండ్లు జర పచ్చగున్నయి, కామెర్లని పత్తెం పెట్టిన బిడ్డా. ఉప్పు లేదు, కూర లేదు, ఉత్త గంజి. నేనేమన్న తప్పు చేసిన్నా?" అని నా చెయ్యి పట్టుకుంది. సారు గుర్తొచ్చారు, రంగులవాడి ఇంట్లో ఆయన విప్పిన నోరు గుర్తొచ్చింది. "కామెర్లు గావు అత్తమ్మా, ఇగ అన్ని తిననియ్యి. ముందుగాల ఇంత తోటకూర వండు" అని మాత్రం అన్నాను. ఆ పూటే చీటీలో పెద్ద కణాలని రాశాను. మందు మొదలైంది.

సారూ, మీ వంటి కంటిచూపు గలవారు రేపు ఈ జిల్లాలో మళ్ళీ పుడతారేమో, నాకు తెలియదు. పుట్టినా మీ అంత భయపడతారన్న నమ్మకం లేదు. ఈ ప్రాంతపు ఎందరో తల్లులు మీ భయం వల్లే ప్రాణాలతో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి మీ పేరే తెలియదు. వాళ్ళందరి తరఫునా మీకు తల వంచుతున్నాను. నా పొగడ్త మీకు అక్కరలేదు, నేను రాసింది సరైనదా కాదా అన్నదే మీరు అడుగుతారు. నాకు తెలియదు సారూ. ఎముకల్లోని మూలుగు చచ్చి ఉంటే ఈ పాటికే నేను ఒక రోజు పోగొట్టాను. మందు సరైనదైతే వారానికి కొత్త కణాలు కనిపిస్తాయన్నారు డాక్టరు గారు. వచ్చే శుక్రవారం అనసూయ చెవితమ్మె కడిగి మళ్ళీ చుక్క తీయాలి. అది కూడా నేనే చూడాలి.