అమ్ముడుపోవాలని నేను ప్రార్థించిన సీడీలు

ఇన్నేళ్లుగా ఈ బరువును ఎవరి దగ్గరా దించలేదు. పాస్టరుగారి దగ్గర దించలేదు, నా భార్య దగ్గరా దించలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. అనకాపల్లిలో నాకు చిన్న డీటీపీ షాపు ఉండేది. పెళ్లికార్డులు, చర్చి కరపత్రాలు చేసేవాణ్ణి. కంప్యూటరుకి కొత్తగా సీడీ రైటరు పెట్టించాను. మా సంఘంలో యూత్ నాయకుణ్ణి కూడా నేనే. సినిమా పాటల దొంగ సీడీలు కొనడం పాపమని మీటింగుల్లో గట్టిగానే చెప్పేవాణ్ణి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పిచ్చి అప్పుడు ఊరంతా పాకింది, నాకూ పట్టింది. బైబిలు వాక్యంలో ఆ విజయసూత్రాలు కలిపి మాట్లాడితే కుర్రాళ్లు చప్పట్లు కొట్టేవారు. ఉత్త వాక్యానికి ఎప్పుడూ కొట్టలేదు.

తుమ్మపాల నుంచి రత్నం అనే టైలరు మా చర్చికి వచ్చేవాడు. చర్చిలో బ్రదర్, గేటు దాటితే బావ. తానే పాటలు రాసి పాడేవాడు. పాడిగేదెను అమ్మి, విశాఖపట్నంలో ఆ పాటలు రికార్డు చేయించాడు. కవరు డిజైను కోసం మొదటి సీడీ నా చేతికే ఇచ్చాడు.

కవరు చేశాను. సీడీ కాపీ కూడా చేసుకున్నాను. సబ్బవరం చర్చి క్వయర్లో పాడే స్నేహితుడు అడిగితే ఇంకొకటి చేశాను. తర్వాత అడిగినవాళ్లందరికీ చేశాను. ఖాళీ సీడీలు వాళ్లే తెచ్చుకునేవారు, నేనేమీ తీసుకోలేదు. దేవుడి పాటకు తాళం వేస్తామా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక షాపు నిండా జనం చేరి, మంచి సేవ చేస్తున్నావని నన్ను మెచ్చుకుంటుంటే బాగుండి, ఆ బాగుండడానికి సేవ అని పేరు పెట్టుకున్నానా? రెండోదే నిజం అనుకుంటాను.

రత్నం సీడీలు తయారై వచ్చేసరికి మాడుగుల ఆటోల్లో కూడా ఆ పాటలు మోగుతున్నాయి. అతని సీడీలు మాత్రం అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. ఒక మధ్యాహ్నం షాపుకొచ్చాడు.

"ఏటి బావా ఇది? సండేస్కూలు పిల్లలకి కూడా నా పాటలు నోటికొచ్చేసేయి. సీడీ మాత్రం ఒక్కడూ కొనడం లేదు. గాల్లోంచి నేర్సేసుకున్నారేటి?"

అప్పుడే చెప్పాల్సింది. అతని వెనకే సీడీ రైటరు లైటు వెలుగుతోంది.

"లోపం నీ ఆలోచన్లో ఉంది బావా," అన్నాను. "అన్నీ అమ్ముడైపోయినట్టు రోజూ ఊహించుకో. కాగితం మీద రాసి అద్దానికి అంటించుకో."

"అద్దానికా? మీ సెల్లి నాకు పిచ్చెక్కిందనుకుంటాది," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "నాకు ఇస్వాసం సాలడం లేదంటావా?" అన్నాడు.

"అవును," అన్నాను.

ఆ ఆదివారం రత్నం ప్రార్థన అవసరత చెప్పడానికి లేచాడు. మా చర్చిలో ఒకరు తమ అవసరత చెబితే, పాస్టరుగారు చూపించినవాళ్లు లేచి దాని కోసం ప్రార్థించాలి. సీడీలు అమ్ముడుపోవాలని ప్రార్థించమన్నాడు రత్నం. పాస్టరుగారి చెయ్యి నా వైపు తిరిగింది. లేచాను. కళ్లు మూసుకుని, గొంతు పెంచి, అడ్డుగా ఉన్నదాన్ని తొలగించమని అడిగాను. ఆ అడ్డు ఎవరో తెలిసే అడిగాను. సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది రత్నం.

చాలాకాలం నా పాపం దొంగతనమే అనుకున్నాను, పది ఆజ్ఞల్లో ఎనిమిదోది. ఆ ఆదివారం నేను మీరింది మూడోది, దేవుడి పేరును వ్యర్థంగా పలకకూడదన్నది. ఆయన పేరును నా అబద్ధానికి కప్పుగా వేసుకున్నాను.

రత్నం మళ్లీ పాట రాయలేదు. తన గొంతు దేవుడికి అక్కర్లేదని తేల్చుకున్నాడు. ఇప్పటికీ చర్చికి వస్తాడు, వెనక వరసలో కూర్చుంటాడు. తన పాటే అందరూ పాడుతున్నా అతని పెదవులు కదలవు. మైకు ముందు నిలబడి పాడించేది నేను.

దేవుణ్ణి చాలాసార్లు క్షమాపణ అడిగాను. అది సులువు, ఆయనకు అన్నీ ముందే తెలుసు. రత్నానికి తెలియదు. అతన్ని ఒక్కసారీ అడగలేదు. ఇది రాస్తుంటే కాస్త తేలికగా ఉంది. ఆ తేలికకు నాకు హక్కుందో లేదో తెలియదు.

రత్నం విశ్వాసంలో ఏ లోపమూ లేదు. అతనికి చెప్పాల్సిన ఈ మాటను ముందుగా మీకు చెప్పాను.