సీతారావమ్మ చెప్పని వరస

నందిగామ చుట్టుపక్కల ఒకప్పుడు పెళ్లిసంబంధం అనుకుంటే జాతకాలకన్నా ముందు సీతారావమ్మ గడప తొక్కాల్సిందే. అబ్బాయి ఇంటిపేరు, తాత పేరు, అమ్మమ్మ పుట్టినూరు చెబితే చాలు. ఆవిడ కళ్లు సగం మూసి, వేళ్లు మడిచి, "వియ్యమందొచ్చు, వెళ్లి ముహూర్తం పెట్టుకోండి" అనో, "అన్నాచెల్లెళ్లవుతారు, ఇంక లేవండి" అనో తేల్చేసేది. ఆ మాటకి తిరుగులేదు. రెండు గదుల పెంకుటింట్లో ఒంటరిగా బతికే ముసలమ్మకి ఊరు ఇచ్చిన పెద్దరికం అదొక్కటే.

ఆవిడ పెనుగంచిప్రోలు ఈదులమూడి వారి కోడలు. భర్త వీరరాఘవయ్య యాభై ఒకటిలో పోయాడు. అంతకు అయిదేళ్ల ముందే ఒక్కగానొక్క కూతురు కమలాకుమారి విషజ్వరంతో పోయింది. ఆ పిల్లకి అప్పుడు తొమ్మిదేళ్లు. నలభై ఊళ్ల వాళ్ల బిడ్డల సంగతులు ఆవిడని అడిగేవాళ్లే గాని, నీ బిడ్డ సంగతేమిటని ఒక్కరూ అడిగేవారు కాదు. అడక్కపోవడం మర్యాద అనుకునేవారు. మర్యాద పేరు చెప్పి మనుషులు ఎగ్గొట్టేవి చాలా ఉంటాయి, వాటిలో ఇదొకటి.

ఉప్పెన వచ్చిన ఏడాది, అంటే డెబ్బై ఏడులో, జగ్గయ్యపేటలో ఈదులమూడి వంశవృక్ష సంఘం పుట్టింది. అధ్యక్షుడు బుల్లిబాబు. అరవై దగ్గర పడినా ఆయన బుల్లిబాబే. పత్తి మిల్లుంది, జీపుంది, పదిమందిలో పలుకుబడి ఉంది, లేనిదల్లా వంశచరిత్ర. వేరే ఇంటిపేరు వాళ్లెవరో తమ వంశం గురించి పుస్తకం అచ్చు వేయించుకున్నారని విన్నప్పటి నుంచి ఆయనకి అన్నం సయించలేదు. బసవయ్య మాస్టారిని కార్యదర్శిగా పెట్టుకున్నాడు. మాస్టారు ఆ వంశం వాడు కాదు. రిటైరైన తెలుగు పండితుడు, ముత్యాల్లాంటి దస్తూరి, ఎదురు చెప్పడం చేతకాని మనిషి. సంఘానికి ఈ రెండు గుణాలూ పనికొచ్చాయి.

నెలకో ఆదివారం మిల్లు మేడ మీద కూర్చునేవారు. కరణాల దగ్గరి పాత కాగితాలకి నకళ్లు రాయించారు. గుళ్లలో దాతల పేర్లున్న రాళ్లకి సుద్ద పూసి చదివారు. ఇంటింటికీ తిరిగి పాత పత్రాల మూటలు విప్పించారు. ఆర్నెల్లు ఇలా తంటాలు పడ్డాక దొరికింది ఒకటే పేరు, సాంబయ్య. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం పుణ్యమా అని, నూట యాభై ఏళ్లలో నలుగురు సాంబయ్యలు తేలారు. ఎవరు ముందో ఎవరు వెనకో, ఎవరి కొడుకు ఎవరో తెలియదు. మాస్టారు గీసిన చెట్టులో ఒకచోట మనవడు తాతకన్నా ముందు పుట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి సీతారావమ్మ. మాస్టారు కాగితాల కట్ట చంకన పెట్టుకుని నందిగామ వచ్చాడు. ఆవిడ ఆ కాగితాల వంక చూడను కూడా చూడలేదు.

"తద్దినాలు రాసుకోండి మాస్టారూ" అంది. "నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు ఏడాదికి ఏడు తద్దినాలు చేయించేది. వండేది నేను. ఎవరి తిథికి వాళ్లకిష్టమైంది చెయ్యాలి. మాఘమాసం సాంబయ్య గారికి కాకరకాయ పులుసు. శ్రావణమాసం ఆయనకి కంద బచ్చలి. కార్తీకంలో ఆయనకి ఆఖరికి పళ్లు లేవంట, పెసరపప్పు పాయసం. నాలుగో ఆయన పడుచు వయసులో పోయాడు, ఆయనకి అరిసెలు. వడ్డించేటప్పుడు మా అత్తగారు చెప్పేది, ఈయన ఫలానా వాళ్ల నాన్న, ఈయన ఫలానా వాళ్ల తాత అని. పొయ్యి దగ్గర విన్నది మర్చిపోతామా?"

నూట యాభై ఏళ్ల చిక్కు గంటన్నరలో విడిపోయింది. మాస్టారు నోరు తెరుచుకుని రాసుకున్నాడు. మగవాళ్లు బీరువాల్లో వెతుకుతున్నది ఇన్నాళ్లూ వంటింట్లో ఉందని ఆయనకి ఆ పూటే అర్థమైంది.

అక్కడినుంచి మూడేళ్లు ఇద్దరూ బస్సుల్లో తిరిగారు. చెవిటికల్లు, వేదాద్రి, పెనుగంచిప్రోలు, దారి లేని చిన్న చిన్న పల్లెలు. ఏ ఊరెళ్లినా సీతారావమ్మ మగవాళ్లని పలకరించి, సరాసరి ఇంట్లోని ముసలమ్మ దగ్గరికి వెళ్లి కూర్చునేది. మీ వంశం చెప్పండి అని అడిగేది కాదు. నీ పెళ్లికి తోటిపెళ్లికూతురు ఎవరే, నీ తొలి పురిటికి ఎవరొచ్చారే, మీ అత్తగారు పోయినప్పుడు ముందు ఏ ఊరికి కబురెళ్లిందే అని అడిగేది. ముసలమ్మలు పాత పగలు కూడా తవ్విపోసుకుంటూ చెప్పుకుపోయేవారు. ఆ మాటల్లోంచి ఆవిడ పేర్లు ఏరి ఇస్తే, మాస్టారు నోటుబుక్కులో గీతలు గీసేవాడు. పదకొండు నోటుబుక్కులు నిండాయి.

ఎనభైలో కృష్ణ పుష్కరాలొచ్చాయి. వేదాద్రి రేవులో పిండాలు పెట్టేవాళ్లు మూడు తరాల పేర్లు చెప్పాలి గదా, అక్కడ కూర్చుంటే వంశం అంతా తనంతట తనే వస్తుందని సీతారావమ్మే ఉపాయం చెప్పింది. పురోహితుడి పక్కన మాస్టారు, మాస్టారు వెనక ఆవిడ. తండ్రి పేరు అందరూ చెప్పారు. తాత పేరు చాలామందే చెప్పారు. ముత్తాత పేరు దగ్గర తడుముకుని వెనక్కి చూసేవారు, ఆవిడ అందించేది. ఎంతెంత మీసాలున్న వాళ్లో ఆ ముసలమ్మ నోటివంక చూసి పితృదేవతలకి పిండాలు పెట్టారు.

జనం పలచబడ్డాక ఆవిడ పురోహితుణ్ణి తన కూతురి సంగతి అడిగింది.

"పెళ్లికాని పసిపిల్ల గదమ్మా, విడిగా పిండం ఉండదు" అన్నాడాయన. "మీ తాలూకు మగవాళ్లెవరైనా ఉంటే నువ్వులూ నీళ్లూ వదలమనండి."

ఆవిడకి దగ్గరి తాలూకు ఎవరూ లేరు. పొద్దుటి నుంచి ఆవిడ అందించిన పేర్లతో పుణ్యం కట్టుకున్నవాళ్లంతా అప్పటికే భోజనాలకి వెళ్లిపోయారు.

"పోనీలెండి మాస్టారూ, నీళ్లు వదిలినా ఏటివెంట పోయేవే" అంది మెట్ల మీద కూర్చుని. "మీరు పుస్తకంలో రాయండి. మా ఆయన పేరు కింద ఒక్క గీత గీసి, కమలాకుమారి అని రాయండి. నేను పోతే దాని పేరు తలిచే నోరు ఉండదు. నేనింకేం అడగను."

మాస్టారు ఆవిడ చూస్తుండగానే పెన్సిలుతో గీత గీసి ఆ పేరు రాశాడు. ఆవిడ అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంది. నిజం చెప్పాలంటే ఆవిడ మూడేళ్లు బస్సుల్లో నడుం విరగ్గొట్టుకుంది ఆ ఒక్క గీత కోసమే.

అచ్చుకి పోయే ముందు బుల్లిబాబు జీపులో వచ్చాడు, మాస్టారిని వెంటేసుకుని. వరసకి ఆవిడ ఆయనకి పిన్ని.

"పిన్నీ, ఆడపిల్లల్ని ఎక్కించకూడదని సంఘం తీర్మానం చేసింది. ఒకరిని ఎక్కిస్తే నూరుమంది అడుగుతారు. ఆడపిల్లంటే ఇంకో ఇంటికి వెళ్లే మనిషి గదా" అన్నాడు.

"నా పిల్ల ఏ ఇంటికీ వెళ్లలేదు నాయనా. మనింట్లోనే కళ్లు మూసింది" అంది. ఆయన జీపు తాళాలు తిప్పుకుంటూ వాకిట్లోకి చూసేసరికి ఆవిడకి ఒళ్లు మండింది. "అయినా ఆడపిల్లలు లేకుండా మీ చెట్టు ఎట్టా నిలబడుద్ది? కార్తీకమాసం సాంబయ్య గారికి మగపిల్లల్లేరు. ఒక్కతే కూతురు, సుబ్బమ్మ. చెవిటికల్లు నుంచి తుమ్మలచర్ల వారి కోటయ్య గారిని ఇల్లరికం తెచ్చుకున్నారు. పుట్టిన పిల్లలకి సుబ్బమ్మ గారి ఇంటిపేరే పెట్టారు. ఆ కోటయ్య నీకు ముత్తాత, మీ చిన్నాన్నకి, అదే మా ఆయనకి, తాత. సుబ్బమ్మ లేకపోతే నువ్వు ఈదులమూడి వాడివే కాదు."

ఇల్లరికం అన్న మాట వినగానే బుల్లిబాబు మొహం మాడిపోయింది. ఇల్లరికపు అల్లుడంటే ఊళ్లో సామెతలకీ సరసాలకీ పనికొచ్చే మనిషి. అట్లాంటి వాడికి మునిమనవణ్ణని ఆయన అచ్చులో ఒప్పుకుంటాడా? "ముసలమ్మల కబుర్లన్నీ చరిత్రలవుతాయా పిన్నీ" అని నవ్వేసి లేచాడు. మాస్టారు మాత్రం చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

ఎనభై రెండులో జగ్గయ్యపేట కల్యాణమండపంలో పుస్తకం విడుదలైంది. నల్లటి అట్ట, బంగారు అక్షరాలు. సీతారావమ్మని మూడో వరసలో కూర్చోబెట్టి చేతికో ప్రతి ఇచ్చారు. ఆవిడ తన పుట తీసింది. 'వీరరాఘవయ్య (నిస్సంతు)' అని ఉంది. నిస్సంతు అంటే సంతానం లేనివాడు. తర్వాత బుల్లిబాబు ఉన్న పుట తీసింది. 'సాంబయ్య కుమారుడు కోటయ్య' అని ఉంది. సుబ్బమ్మ ఎక్కడా లేదు. అల్లుణ్ణి కొడుకుని చేసేశారు.

పెద్దావిడ నాలుగు ముక్కలు ఆశీర్వచనంగా చెబుతారని మైకు దగ్గరికి పిలిచారు. ఆవిడ నాలుగు ముక్కలే చెప్పింది.

"ఇందులో రెండు అబద్ధాలున్నాయి. కోటయ్య గారు కొడుకు కాదు, ఇల్లరికపు అల్లుడు. మా ఆయన నిస్సంతు కాదు. మాకు కూతురు పుట్టింది, కమలాకుమారి."

బుల్లిబాబు వచ్చి మైకు అందుకున్నాడు. కోప్పడలేదు. చేతులు జోడించి, "మా పిన్నిగారికి డెబ్బై ఏళ్లండి. మతిమరుపు వయసు. ఆవిడ మాటకి ఎవరూ ఏమీ అనుకోకండి" అన్నాడు. జనం జాలిగా చప్పట్లు కొట్టారు. అన్నేళ్లూ ఆవిడ అందించిన పేర్లతో నిండిన పుస్తకం అందరి ఒళ్లలో ఉంది. ఆవిడకి మతి లేదని చెబితే అందరూ నమ్మారు.

బయట బసవయ్య మాస్టారు కనిపించి తల వంచుకున్నాడు. "రబ్బరు పెట్టి నా చేత్తోనే తుడిచానమ్మా" అన్నాడు. ఆవిడ ఆయన్ని తిట్టలేదు. తిట్టడానికి కూడా ఎంతో కొంత గౌరవం మిగలాలి.

ఆ తర్వాత ఆవిడ గడప తొక్కినవాళ్లు లేరు. ఇంటికో పుస్తకం ఉంది, వరసలు అందులో చూసుకున్నారు. ఎప్పుడైనా మాటల్లో మా కమల అని నోరు జారితే, "అదేంటి అమ్మమ్మా, మీకు పిల్లల్లేరని పుస్తకంలో ఉందిగా" అని పక్కింటి కోడలు నిదానంగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పేది. మొదట్లో ఆవిడ వాదించేది. తర్వాత మానేసింది.

ఎనభై ఆరు వేసవిలో బుల్లిబాబు జీపు మళ్లీ వచ్చి ఆగింది. కొడుకు కూతురికి పెళ్లి కుదిరింది, శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు.

"చెవిటికల్లు సంబంధం పిన్నీ. తుమ్మలచర్ల వాళ్లు. కుర్రాడు ఇంజినీరు."

సీతారావమ్మ వేళ్లు వాటంతటవే మడత పడ్డాయి. కోటయ్య గారు ఇల్లరికం వచ్చింది ఆ ఇంటినుంచే, తను చెప్పిన ఆ మాట బుల్లిబాబుకి గుర్తున్నట్టు లేదు. కుర్రాడు కోటయ్య గారి సొంత అన్న మునిమనవడి మనవడై ఉంటాడు. ఇటు కోటయ్య గారి రక్తం, అటు ఆయన అన్నగారి రక్తం. తోడబుట్టిన అన్నాచెల్లెళ్ల వరస. మా అత్తగారైతే ఈ మాట విన్నచోటే చెంపలేసుకునేది, అనుకుంది.

"వరసలు చూసుకున్నారా?" అని అడిగింది.

"చూడకుండా ఉంటామా? పుస్తకం ఉందిగా" అన్నాడు బుల్లిబాబు. తర్వాత ఏమనుకున్నాడో, పెద్దావిడ మనసు సంతోషపెడదామని, "అయినా నువ్వూ ఓ మాట చెప్పు పిన్నీ. వియ్యమందొచ్చా?" అన్నాడు నవ్వుతూ.

నాలుగేళ్ల తర్వాత ఆవిడని ఒకరు వరస అడిగారు. నిజం నాలుక చివర ఉంది. ఆవిడ శుభలేఖ తిప్పి చూసింది. ఆ పిల్ల పేరు భారతీదేవి. తాత అచ్చేయించిన పుస్తకంలో ఆ పిల్ల పేరూ లేదు.

"నాకేం గుర్తుంటాయి నాయనా, మతి లేనిదాన్ని" అంది. "పుస్తకంలో ఉంటే సరే."

పెళ్లికి ఇంకా పదహారు రోజులుంది. ఒక కార్డు ముక్క రాసి పడేసినా సరిపోయేది. ఆవిడ రాయలేదు. పెళ్లికి వెళ్లింది, ముందు వరసలో కూర్చోబెట్టారు, పిల్లా పిల్లాడూ వంగి కాళ్లకి దణ్ణం పెడితే తలల మీద అక్షింతలు వేసింది.

ఆ సంగతి తర్వాత ఒక్క బసవయ్య మాస్టారికే చెప్పింది. అక్షింతలు వేస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు మాస్టారూ, అంది. మళ్లీ తనే, వణికి ఉంటే బాగుండేది, అంది.