కంచెకు అటు బలుసు, ఇటు ఆమె పేరు

మోసపోవడంలో కూడా అంతస్తులుంటాయి. కొందరు చిట్టీల వాళ్ల చేతిలో మోసపోతారు, కొందరు బాబాల చేతిలో. నేను గొర్రెల చేతిలో మోసపోయాను. వాటికి చేతులు లేవు కనుక నోట మోసపోయానని అనాలేమో. పాపం, అవి నోరు విప్పి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, విప్పింది మేయడానికే. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందని అందరూ దాన్ని ఎగతాళి చేస్తారు. గొర్రెను నమ్మిన మనిషి సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకని నేను చెబుతున్నాను.

సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్పడం నా ఉద్యోగం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఎక్కలేని గుట్టల మీద, రాళ్ల సందుల్లో పెరిగే మొక్కలను ఏరి, ఆరబెట్టి, ఏది ఏ కుటుంబమో, ఏ జాతో తేల్చడం నా వ్యసనం. ఉద్యోగానికి జీతం వచ్చేది, వ్యసనానికి దద్దుర్లు వచ్చేవి. వరి ఉన్నంత దూరం నాకు పని లేదు. వరి ఆగిపోయి, మట్టి పలచబడి, బండ తేలిన చోట నా పని మొదలవుతుంది. మా వైపు మొక్క అన్నాక పంటైనా కావాలి, మందైనా కావాలి. రెండూ కాకపోతే అది పిచ్చి మొక్క. ఏళ్ల తరబడి పిచ్చి మొక్కల వెంట తిరిగితే ఆ పిచ్చి మొక్కను వదిలి మనిషికి అంటుకుంటుంది. మాడుగులపల్లి దగ్గర ఒకసారి బీడులో మోకాళ్ల మీద కూర్చుని భూతద్దంతో గడ్డిపూలు చూస్తుంటే ఇద్దరు రైతులు వచ్చి, ఇక్కడ ప్లాట్లు పడుతున్నయా అని మెల్లగా అడిగారు. లేదు, గడ్డి చూస్తున్నానంటే నమ్మలేదు. రేటు బయటపెట్టడం ఇష్టం లేక అట్లా అంటున్నాననుకున్నారు. వాళ్లలో ఒకాయన నాకు చాయ్ కూడా తాగించాడు.

ఈ పిచ్చిలో సగం బరువు మోసింది నా భార్య. ఇది అలంకారానికి అన్న మాట కాదు. తెచ్చిన మొక్కను పాత పేపర్ల మధ్య పరిచి బరువు కింద అదిమితే గానీ చక్కగా ఆరదు. మా ఇంట్లో బరువంటే రోటి పొత్రం, డిక్షనరీలు, అవి చాలకపోతే పరుపు మీద పడుకున్న మేమిద్దరం. పొద్దున వచ్చిన పేపరు ఆవిడ చదవకముందే మొక్కల కిందికి పోయేది. లోకంలో జరిగేవన్నీ ఆవిడకు వారం ఆలస్యంగా, ఆకు మరకలతో అందేవి. ఆవిడది కోదాడ. ఆంధ్ర గాలి తగిలే ఊరు కాబట్టి తిట్టినా ‘అండీ’ అని తిడుతుంది. అయితే ఈ విషయంలో తిట్టలేదు. వాన ముసురు పట్టి పేపర్లు ఆరకపోతే ఇస్త్రీపెట్టె తీసుకుని తనే కూర్చునేది.

పాలకీడు అవతల ఒక చిన్న గుట్ట ఉంది. హుజూర్‌నగర్‌లో బస్సు మారి, దిగి కొంత నడవాలి. ఆ గుట్ట ఏటవాలులో నాకు ఒక పొద కనిపించింది. మోకాలి ఎత్తు దాటదు. గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. ఆకు గోరంత. ముళ్లు మాత్రం ధారాళం. ఏ పుస్తకంలోని వర్ణనకూ అది పూర్తిగా అతకలేదు. ఎప్పుడు వెళ్లినా అదే ఎత్తు, అదే ఆకారం. అక్కడ గొర్రెలు మేపే ఒకాయన ఉండేవాడు. ఈ మొక్కను ఏమంటరన్నా అని అడిగితే, ముళ్ల తుప్ప అనేవాడు. ఇది బలుసు లాంటిదేనా అంటే అవును సారూ అనేవాడు, బలుసు కాదు కదా అంటే కాదు సారూ అనేవాడు. నా సంచి బరువుగా ఉంటే రోడ్డు దాకా మోసి పెట్టేవాడు కూడా. ఆయన వెనకే మంద తల వంచుకుని మేస్తూ ఉండేది. ఆ మందను నేను ప్రకృతి అందంలో భాగంగా చూశాను. నా పరిశోధనలో భాగస్వాములని తట్టలేదు.

చివరికి అది కొత్త జాతేనని తేల్చి, వ్యాసం రాసి పంపాను. వ్యాసాన్ని పరిశీలించినవాళ్లు ఆరిన కొమ్మలే చూశారు, గుట్టను చూడలేదు. వ్యాసం అచ్చయింది. దాన్ని మిగతా బలుసు జాతుల నుంచి వేరు చేసే లక్షణాల్లో ఒకటిగా, ‘కొమ్మల కొసలు మొండిగా తెగినట్టు ఉండును’ అని నా చేత్తో నేనే రాశాను. ‘తెగినట్టు’ దాకా వచ్చినవాణ్ణి, ఎవరు తెంపారని ఆలోచించలేదు. మొండితనం మొక్కది కాదు.

కొత్త జాతికి పేరు పెట్టే హక్కు దాన్ని వర్ణించినవాడిది. తన పేరు తానే పెట్టుకోవడం మర్యాద కాదు. పెద్దవాళ్ల పేరో, ఊరి పేరో పెడతారు. నేను నా భార్య పేరు పెట్టాను, లాటిన్ తోక తగిలించి. చెప్పినప్పుడు ఆవిడ పెద్దగా పొంగిపోలేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ, ముళ్ల చెట్టుకు నా పేరే గుర్తొచ్చిందా అని మాత్రం అడిగింది. తర్వాత వంటింట్లోంచి కోదాడకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఆ మొక్క వల్ల మోకాళ్ల నొప్పులేమన్నా తగ్గుతాయా అని మా అత్తగారు అడిగారట. తగ్గవని చెబితే, పోనీలే, పేరైనా నిలిచింది అన్నారట. ఆ వ్యాసం మొదటి పేజీకి ఆవిడే ఫ్రేమ్ కట్టించి తెచ్చింది. ఎక్కడ పెడదామంటే ఎక్కడైనా పెట్టండి అంటూనే, హాల్లో మేకు కొట్టిన చోటు చూపించింది.

కొంతకాలానికి ఆ గుట్ట మీద సగం మేర సోలార్ ప్లేట్లు పెట్టడానికని ఎవరో జాలీ కంచె వేశారు. ప్లేట్లు రాలేదు. కంచె మిగిలింది. రెండు వానాకాలాలు గడిచాక మళ్లీ నేను అటు వెళితే, కంచె లోపల నా భుజాల ఎత్తున పొదలున్నాయి. ఆకులు వెడల్పుగా, నిగనిగలాడుతున్నాయి. చిన్నపిల్లవాడైనా చెప్పగలడు, అది బలుసు. బయట మోకాలి ఎత్తున నా కొత్త జాతి. రెండూ పక్కపక్కనే పెరుగుతున్నాయని సంతోషించి, ఫోటో తీయడానికి దగ్గరికి వెళ్లాను. కంచె సరిగ్గా మధ్యలోంచి పోయిన ఒక పొద దగ్గర ఆగిపోయాను. అటు సగం బలుసు. ఇటు సగం నా భార్య పేరు. వేరు ఒక్కటే. కాండం ఒక్కటే. జాలీ ఎక్కడుందో సరిగ్గా అక్కడ ఆకు మారింది. జాలీ కన్నంలోంచి ఒక గొర్రె మూతి పెట్టి, అందినంత మేరకు నా జాతిని ఇంకాస్త విస్తరింపజేస్తోంది.

గొర్రెల కాపరి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈ రెండూ ఒకటేనన్నా అన్నాను. ఆయన చాలాసేపు చూసి, అట్లెట్ల సారూ, గది బలుసు, గిది ముళ్ల తుప్ప అన్నాడు. లోకంలో నన్ను నమ్మినవాడు ఆయనొక్కడైనా మిగిలాడు.

సూర్యాపేట వచ్చేదాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఇంకెవరి పేరైనా అయితే చింత లేదు. శాస్త్రంలో తప్పులు దిద్దుకోవడం రోజూ ఉండేదే. నేనే ఎంతోమంది పెద్దల పేర్లను, ఇది ఫలానాదే తప్ప వేరు కాదని రాసి, పాత పేరు కింద కలిపేశాను. మా వాళ్ల భాషలో దాన్ని ‘ముంచడం’ అంటారు. ఒకరి పేరు ముంచినప్పుడల్లా ఇంటికొచ్చి హుషారుగా అన్నం తినేవాణ్ణి కూడా. ఇప్పుడు ముంచాల్సింది, ఆ అన్నం వడ్డించే మనిషి పేరు.

చెప్పలేదు. ఆ గుట్ట ఎక్కే బాటనీవాళ్లు ఎవరున్నారు, ఆ కంచె సంగతి ఎవరికి తెలుస్తుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. హాల్లో ఫ్రేము కింద కూర్చుని టీవీ చూడటం మానేసి, ఆరోగ్యానికని సాయంత్రం నడక మొదలుపెట్టాను. ఆవిడ సంతోషించింది. నా బరువు కాస్త తగ్గింది, మనసు బరువు తప్ప.

అంతలో మిర్యాలగూడ నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. ఆయనా బాటనీయే. జిల్లా మొక్కల మీద పిల్లల కోసం పుస్తకం తయారు చేస్తున్నాడట. అరేయ్, మా చెల్లె మొక్కకు ఒక పేజీ పెడుతున్నరా, ఆదివారం పోయి ఫోటో తీద్దాం అన్నాడు. నా భార్యను ఆయన చెల్లె అనే పిలుస్తాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక అసలు సంగతి తట్టింది. నా ఒక్కడి తెలివితక్కువతనం ఇంట్లో ఫ్రేములో ఉంటే ఉండనీ. అది పిల్లల పుస్తకంలోకి పోతే, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంటారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసుకున్నాను. కంచె సంగతి, సగం సగం పొద సంగతి అంతా చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగలేదు.

“అయితే నా చెట్టు ఏంటండీ మరి?”

“బలుసు.”

“మన బలుసాకు బలుసేనా?”

“అదే.”

“మరి అది అంత పొట్టిగా?”

“గొర్లు తింటున్నయ్. తిన్నప్పుడల్లా ముడుచుకుని, ఆకు చిన్నగ జేసుకుని, ముళ్లు పెంచుకుని బతికింది. నేను సూసింది గదే.”

గిన్నెలో ఈనెలు, పళ్లెంలో కాయలు పడటం మాత్రం వినబడుతోంది. నా పేరు తీసేస్తారా అని అడిగింది. తీయడానికి రూల్ ఒప్పుకోదని చెప్పాను. ఒకసారి అచ్చయిన పేరు చెరిగిపోదు. బలుసు అసలు పేరు కింద, చిన్న అక్షరాల్లో, ఇది కూడా అదే అని ఎప్పటికీ ఉంటుంది. ఆ మాట ఓదార్పుగా వినిపిస్తుందని ఆశపడ్డాను.

“పెళ్లిలో ఇంటిపేరు పోయింది. ఇప్పుడు ఒంటిపేరు కూడా మీ చేతుల్లోనే పోయిందన్నమాట” అంది.

తలెత్తాను. చూస్తే ఆవిడ పెదవి చివర నవ్వు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “అమ్మకు నేను చెప్పుకుంటాలెండి. కానీ ఎవరో వచ్చి తప్పని రాసేదాకా ఆగొద్దు. పేరు పెట్టింది మీరు. దించేది కూడా మీరే అవ్వాలి. పరాయివాళ్ల చేత దించుకోను నేను” అంది. తర్వాత మామూలు గొంతుతో, ఆ నాలుగు కాయలతో ఎంతసేపండీ, ఇటివ్వండి అని లాక్కుంది.

ఆ వారమే సవరణ వ్యాసం రాశాను. నా జీవితంలో రాసినవాటిలో అదే చిన్నది, రాయడానికి అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. ఏ జంతువు మేసిందో స్పష్టంగా రాయమని ఆవిడ పక్కన నిలబడి మరీ చెప్పింది. రాశాను.

ఆదివారం ఆవిడ కూడా వస్తానంది. ఇన్నేళ్లలో తన పేరు పెట్టుకున్న మొక్కను ఆవిడ వేరు మీద ఉండగా చూడలేదని నాకు అప్పుడే తట్టింది. చూసిందంతా పేపర్ల మధ్య ఎండిన కొమ్మే. మొదటి బస్సుకే బయలుదేరి గుట్ట చేరాం. మిర్యాలగూడ మిత్రుడు బండి మీద వచ్చి, సంగతంతా విని, బండ మీద కూలబడి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. పగ దీర్చుకోవాలంటే సులువుగ ఉన్నదిరా, పోయేటప్పుడు కిలో మటన్ కొనుక్కపో అన్నాడు. ఆకు తిన్న నేరానికి అంత శిక్ష ఎక్కువన్నాను.

ఆవిడ మాత్రం కంచె దగ్గర నిలబడి, ఒక చెయ్యి అటు ఆకు మీద, ఒక చెయ్యి ఇటు ఆకు మీద పెట్టి చూస్తోంది. చాలాసేపటికి ఇటువైపు పొట్టి పొద పక్కన కూర్చుంది. ఇన్నిసార్లు కొరికించుకుని కూడా చిగురేస్తూనే ఉందండీ ఇది అంది. నాకు ఇటువైపుదే నచ్చిందండీ అని కూడా అంది. మిత్రుడు నవ్వడం ఆపి ఆ పొదకూ ఆవిడకూ కలిపి ఫోటో తీశాడు. పుస్తకంలో బలుసు పేజీకి ఇదే పెడతా చెల్లె, మేపితే ఇట్ల, మేపకపోతే అట్ల అని పిల్లలకు అర్థమైతది అన్నాడు.

మంద ఇంకా గుట్ట కిందే ఉంది. దాని గంటలు వినబడుతున్నాయి. నాకు అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. సంచిలోంచి పేపర్లు తీసేసి, కంచెకు ఇటువైపు ఉన్న పొదలన్నిటి లేత చిగురు గోటితో గిల్లడం మొదలుపెట్టాను. పొద బతకడానికి వెనక ఆకు వదిలాను, చిగురు మాత్రం వదల్లేదు. ఏం చేస్తున్నారండీ అంటే పప్పులోకి అన్నాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, కొంగు దోపుకుని రెండో వైపు నుంచి మొదలుపెట్టింది. ముళ్లు ఇద్దరినీ సమానంగా గీరాయి. మిత్రుడు మాకు సాయం చేయకపోగా వీడియో తీశాడు.

మంద ఎక్కి వచ్చేసరికి పని అయిపోయింది. ముందు నడిచే పెద్ద గొర్రె ఒక పొదను వాసన చూసింది, రెండోదాన్ని చూసింది, మూడోదాని దగ్గర తల ఎత్తి మా వైపు చూసింది. వెనక కాపరి వచ్చి పొదలను చూసి, నా సంచిని చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఏం సారూ, గొర్ల నోటికాడి కూడు గుంజుకుంటరా?”

నేను సంచి మూతి గట్టిగా ముడివేశాను.