రాజన్నది డ్యూటీయా, సెలవా?

ఈరోజు ఆఫీసులో ఒక్క ఫారం నా బుర్ర తినేసింది.

మా కంపెనీ ఓనరు కుటుంబం దోహా ఎండలు తట్టుకోలేక పది రోజులు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ వెళ్ళొచ్చింది. పిల్లల్నీ సామాన్లనీ చూసుకోవడానికి ఇంటి డ్రైవర్ రాజన్నను కూడా తీసుకెళ్ళారు. జగిత్యాల మనిషి. అతని హాజరు రాయాల్సింది నేను. ఫారంలో ఉన్నవి రెండే గడులు, డ్యూటీ, లీవు. లీవు అని రాస్తే అతను ఇంటికెళ్ళే నెల రోజుల సెలవులో పది పోతాయి. డ్యూటీ అని రాద్దామంటే ఓనరుగారు ఫోన్‌లో "హాలిడే, హాలిడే" అంటున్నారు.

చివరికి రాజన్ననే పిలిచి అడిగాను.

"నాకేమెరుక సారూ? వాళ్ళు రాజమహల్ చూస్తుంటే నేను బయట కోట్లు పట్టుకొని నిలబడ్డ. గుట్ట మీద మంచుల పిల్లల జారుడుబండి గుంజిన. ఎండకాలంల మంచేందో, గది సుత సమజ్ గాలే."

"అయితే డ్యూటీ అని రాసేస్తున్నా."

"ఆగుండ్రి సారూ. ఒకనాడు మేడం 'యల్లా, రా రాజన్నా' అని నన్ను గూడ ఆ బండి మీద కూసోబెట్టింది. కింది దాంక జారిన. మస్తు నవ్విన. గా అరగంట మాత్రం లీవుల రాయుండ్రి. అబద్ధమెందుకు?"

అరగంటకు మా ఫారంలో గడి లేదు. నజ్మా పేటలో నా గదికొచ్చాక కూడా ఏమీ తేలలేదు. మీరైతే ఏం రాస్తారో చెప్పండి. ఈలోపు నేను ఇన్నేళ్ళ నా లీవుల్లో అలాంటి అరగంట ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కుంటున్నాను.